ఆటో బావ చెప్పని ఓటీపీ

ఆ రోజుల్లో, అంటే మరీ రాజుల కాలమేమీ కాదు, చేతికో ఫోను వచ్చేసిన కాలమే, మా ఊళ్లో ఫోను ఉండటం వేరు, అది మోగటం వేరు. టేకులపల్లి దాటి అడవిలోకి తిరిగే మట్టిరోడ్డు మీద ఉంటుంది మా ఊరు. సిగ్నలు కావాలంటే వాటర్ ట్యాంకు మెట్లెక్కాలి. ఎక్కినా ఒక గీత వచ్చేది, హలో అనేలోపు పోయేది. అందుకని ఊరి మొత్తానికి పనికొచ్చే ఫోను ఒక్కటే ఉండేది, అది మా ఆటో బావది. ఆయన మా పెద్దత్త కొడుకు, నాకంటే పన్నెండేళ్లు పెద్ద, ఇద్దరు పిల్లల తండ్రి. పొద్దస్తమానం టేకులపల్లి సెంటర్లో, కొత్తగూడెం రోడ్డు మీద తిరుగుతుంటాడు గనక ఆయన ఫోనుకు గీతలన్నీ నిండుగా ఉండేవి. గ్యాస్ బండకు, రేషన్ కార్డుకు, ఉపాధి పనికి, ఆఖరికి పిల్లల చదువులకూ ఊరంతా ఆయన నంబరే ఇచ్చేది. ఇంటరు పాసై డిగ్రీకి ఆన్‌లైన్లో పెట్టుకున్న ఏడాది నేనూ అదే ఇచ్చాను. నా బతుకును ఆ పది అంకెల చేతిలో పెడుతున్నానని నాకప్పుడు తెలియదు. (ఇప్పటికీ ఆ నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నా సొంత నంబరు మాత్రం చూసి చెప్పాలి.)

నాకు బాటనీ కావాలి. డాక్టరు కావాలనో కలెక్టరు కావాలనో కాదు, ఒట్టి బాటనీ. ఖమ్మంలో బీఎస్సీ, ఆ తర్వాత బీఈడీ, ఆ తర్వాత ఎక్కడో ఒక బడిలో సైన్సు టీచరు. ఈ పిచ్చి ఎక్కించింది ఇంటర్లో మా బాటనీ మేడం. మొక్కలు ఎండబెట్టి ఫైలు చేసుకు రమ్మంటే తోటి పిల్లలు మందారం, వేప, తులసి దగ్గర ఆగిపోయారు. నేను ఎండాకాలమంతా నాయన వెంట బీడీలు చుట్టే తునికాకు కోతకు పోయేదాన్ని కదా, దారిలో దొరికినదల్లా పాత పేపర్ల మధ్య అదిమి అరవై రెండు ఆకులు పట్టుకుపోయాను. ఇప్ప, నల్లమద్ది, ఏగిస, జిట్రేగి, పాలకొడిసె, అన్నిటికీ కింద పేర్లు. మేడం ఒక్కో పేజీ తిప్పి, కళ్లజోడు తీసి, ఇవన్నీ నీకెవరు చెప్పారని అడిగింది. మా నాయన అన్నాను. "దీనికి నేను మార్కులేసుడేంది, నేనే నీ దగ్గర కూసొని నేర్సుకోవాలె" అంది. ఎదిగే పిల్లతో అనకూడని మాట అది. ఆ రోజు నుంచి నా కాళ్లు నేల మీద ఆనలేదు. అమ్మ గిన్నెలు తోమమంటే కూడా ఏదో పరిశోధన చేస్తున్న మొహం పెట్టుకుని తోమేదాన్ని.

మా మేనమామ ఖమ్మం మిర్చి యార్డులో గుమస్తా. ఆయన లెక్కలో లోకంలో ఉన్న చదువు ఒక్కటే, బీకాం కంప్యూటర్స్. అప్లికేషన్ పెట్టిన రోజున నెట్ సెంటర్ అన్న (టేకులపల్లిలో రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషనుతో చుట్టుపక్కల ఊళ్ల భవిష్యత్తు మొత్తం నడిపే మనిషి) ఏదో ఒక కోర్సు పెట్టందే పేజీ ముందుకు పోదన్నాడు. నాయన మామకు ఫోను కలిపాడు. బీకాం పెట్టించమన్నాడు మామ, ఇంకో మాట లేకుండా. నాయన నా మొహం చూశాడు, నేను నేల చూశాను. తర్వాత మార్చుకోవచ్చు, ఆఖరి తేదీ దాకా టైముందని నెట్ సెంటర్ అన్న ధైర్యం చెప్పాక సరేనన్నాం. ఆ రోజు ఓటీపీ వస్తే ఆటో బావ రోడ్డవతల నుంచి, ఇంజను కూడా ఆపకుండా, ఆరంకెలనూ సెంటరంతా వినేలా అరిచి చెప్పాడు. ఆ అరుపును ఇప్పటికీ ప్రేమగా తలుచుకుంటాను, ఎందుకంటే ఆయన నోట నేను విన్న ఆఖరి ఓటీపీ అదే.

ఆ తర్వాత పది రోజులకు, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానంటూ ఎవడో ఆటో బావకు ఫోను చేశాడు. ఫోనుకొచ్చిన అంకెలు అడిగాడు. ఈయన తన అలవాటు ప్రకారం అరిచి చెప్పాడు. ఆటోకు కొత్త టాపు వేయిద్దామని దాచుకున్నదంతా పోయింది. ఆయన భార్య, నాకు అక్క వరస, మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అదే వారంలో నిజం బ్యాంకు వాళ్లు రైతు వేదికలో మీటింగు పెట్టి, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని బోధించారు. ఊరంతా వెనక కూర్చుని సమోసాల కోసం చూస్తుంటే ముందు వరసలో కూర్చుని ప్రతి ముక్కకూ తలాడించింది ఆటో బావ ఒక్కడేనట. చివర్లో లేచి, సొంత మనుషులకు కూడానా అని అడిగాడట. ఎవరికీ అంటే ఎవరికీ అన్నాడట ఆ సారు. ఆటో బావ అక్కడికక్కడే భద్రాచలం రాముడి మీద ఒట్టేసుకున్నాడు. ఈ కథంతా నాకు తర్వాత తెలిసింది, ఎప్పుడు తెలిసినా ప్రయోజనం లేనంత తర్వాత.

ఆఖరి తేదీ నాడు నాయన, నేను టేకులపల్లి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. మొక్కల ఫైలు కూడా సంచిలో పెట్టుకున్నాను. (ఆప్షన్లు పెట్టేటప్పుడు ఎవరైనా అడిగితే చూపిద్దామని. కంప్యూటరు నన్ను ఆకులు అడుగుతుందని నమ్మిన తెలివి నాది.) బీకాం కింద పడేసి బాటనీ కొత్తగా పైన చేర్చాలి, ఐదు నిమిషాల పని. నెట్ సెంటర్ అన్న నా వివరాలు కొట్టాడు, బావ ఫోనుకు ఓటీపీ వెళ్లిందన్నాడు. ఆటో బావ రోడ్డవతల స్టాండులోనే ఉన్నాడు, మనుషులు నిండటం కోసం చూస్తూ. పరిగెత్తుకుపోయాను.

"బావా, ఓటీపీ వచ్చిందా?"

"వచ్చింది."

"చెప్పు మరి."

"చెప్ప."

నవ్వాను. బావ వరస కదా, ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. ఫోను చొక్కా జేబులో వేసుకుని దాని మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పొద్దని గీ మెసేజ్‌లనే రాసుంది పిల్లా. సదువుకున్నదానివి, నీకు తెల్వదా?"

"అది నాదే బావా. నా సీటుది."

"నా ఫోనుకొచ్చింది నీదెట్లయితది?"

నేను బతిమాలుతుండగానే పది నిమిషాలు గడిచి ఆ అంకెలు చచ్చిపోయాయి. రెండోసారి పంపించి ఈసారి నాయనను వెంటబెట్టుకుపోయాను. నాయన నోరు తెరవకముందే బావ చేతులు జోడించాడు. "మామా, నీ కాళ్లు మొక్కుత, నన్ను అడగకు. రాముని మీద ఒట్టేసిన" అన్నాడు. అప్పటికి ఆటో సగం నిండింది. అందులోని వాళ్లు రెండు పార్టీలయ్యారు. పిల్ల మొహం చూసైనా చెప్పమంది ఒక ముసలమ్మ. ఒట్టంటే ఒట్టేనన్నాడు ఎరువుల బస్తా మీద కూర్చున్న పెద్దమనిషి. వాళ్ల వాదన ఇంకా తేలనే లేదు, రెండో ఓటీపీ కూడా చచ్చిపోయింది. నెట్ సెంటర్ అన్న తల బయట పెట్టి, ఇంకొక్కసారి తప్పితే ఈ పూటకిక తెరుచుకోదని, ఐదింటికి మొత్తం మూసేస్తారని అరిచాడు. అప్పటికి నాలుగున్నర.

అప్పుడు ఆటో బావలో మనిషి కదిలాడు. బండి దిగి, కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "చెప్పుడైతే చెప్ప. గని నేనే వచ్చి కొడత. ఒట్టూ పోదు, పిల్ల పనీ ఆగదు" అన్నాడు. ఆ మాటకు నేను రెండు చేతులెత్తి ఆయనకు మొక్కాను. ఆ మొక్కును ఎన్నిసార్లు వెనక్కి తీసుకోవాలనుకున్నానో లెక్క లేదు.

నెట్ సెంటర్లోకి పోగానే ఆయన మమ్మల్ని బయటికి పొమ్మన్నాడు. నెట్ సెంటర్ అన్నను కూడా, ఆయన సొంత షాపులోంచి. తర్వాత తన తల మీదా కంప్యూటరు మీదా కలిపి కండువా కప్పుకున్నాడు. మేం అద్దం తలుపుకు మొహాలానించి చూస్తున్నాం. కండువా లోపల ఒక మోచెయ్యి పైకి లేచేది, చాలాసేపు ఆగేది, దిగేది. తెరుచుకుందా అని నేను తలుపు సందులోంచి అడిగితే తెరుచుకుందని, ఆగమని చెప్పాడు. దేనికి ఆగాలో నాకు తట్టలేదు. ఇంకొంతసేపటికి మొహానికి పట్టిన చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఆ మొహంలో అంత తృప్తి నేను ఆయన పెళ్లిలో కూడా చూడలేదు.

"అయిపోయింది. కింద పచ్చ బటన్ ఉంటే అది గూడ నొక్కిన, మల్ల మీకు కష్టమెందుకని. ఒక్కరికి గూడ తెల్వనియ్యలే."

నెట్ సెంటర్ అన్న లోపలికి ఉరికాడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఫైనల్ సబ్మిట్ అయిపోయిందని, మొదటి ఆప్షను బీకాం కంప్యూటర్స్ అని, బాటనీ అసలు జాబితాలోనే లేదని, ఇక మారదని ఆయన నెమ్మదిగా, నాయనకేసి చూస్తూ చెప్పాడు. నాయనకు అందులో సగం మాటలు అర్థం కాలేదు, కానీ నా మొహం అర్థమైంది. నేను ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు. సంచిలోని ఫైలు ఒళ్లో పెట్టుకుని దాని మీద వాలి ఏడ్చాను. ఏగిస ఆకు తడిసింది. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే ఊరికి పోవడానికి ఉన్నది ఆ ఆటో ఒక్కటే. అందులోనే ఎక్కాం. నాది సంతోషపు ఏడుపనుకుని దారి పొడుగునా ఆటో బావ నా డిగ్రీ సీటు సంగతి ఎక్కినవాళ్లకల్లా చెప్పాడు. ఎరువుల బస్తా పెద్దమనిషి నా తల మీద చెయ్యి వేసి బాగా చదువుకోమన్నాడు. ముసలమ్మ ఒక్కతే నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

తర్వాత మార్చుకుందామని ఖమ్మం పోయి కాలేజీ ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగాం. బాటనీ నిండిపోయిందన్నారు. మామ మాత్రం యార్డులో అందరికీ మిఠాయి పంచాడు. మూడేళ్లు డెబిట్, క్రెడిట్ అంటూ గడిపాను. కాలేజీ కిటికీ అవతల ఒక కానుగ చెట్టుండేది, పరీక్షల్లో అది చూస్తూ కూర్చున్నందుకు ఒకసారి ఫెయిలయ్యాను కూడా. నాయన నన్నొక్క మాట అనలేదు. కానీ ఆ ఎండాకాలం నుంచి అడవిలో ఏ కొత్త ఆకు కనిపించినా తుంపి నా చేతికివ్వడం మానేశాడు. నాకు సీటు పోయిన బాధ ఎప్పటికో తగ్గింది, ఈ బాధ తగ్గలేదు.

ఇప్పుడు నేను టేకులపల్లిలో మినీ బ్యాంకు నడిపిస్తున్నాను. ఒక కంప్యూటరు, ఒక వేలిముద్ర మిషను, గోడకు దేవుడి క్యాలెండరు. నెలకోసారి రైతు వేదికలో మైకు పట్టుకుని ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని బోధించే ఉద్యోగం కూడా నాదే. (నవ్వకండి.) ముందు వరసలో ఎప్పుడూ ఆటో బావే ఉంటాడు. నేను చెప్పే ప్రతి ముక్కకూ తలాడిస్తాడు.

పోయిన నెల ఆయనే తన ఖాతా పని మీద వచ్చాడు. జుట్టు నెరిసింది, ఆటో మాత్రం అదే. ఫోనుకు ఓటీపీ వచ్చింది. ఆయన అటూ ఇటూ చూసి, కౌంటరు మీదికి వంగి, నేను అడక్కుండానే నా చెవి దగ్గర గుసగుసగా మొదటి అంకె చెప్పాడు. అప్పుడు, ఆ స్టాండులో, ఈ గుసగుస కోసమే కదా నేను ఆయన కాళ్లావేళ్లా పడ్డది.

"ఆగు బావా. నాకు చెప్పొద్దు." కీబోర్డు ఆయన వైపు తిప్పాను. "నువ్వే కొట్టు."

"నీకు గూడనా?"

"ఎవరికీ అంటే ఎవరికీ."

కండువా తీసి కప్పుకున్నాడు. ఒక్కో అంకె వెతుక్కుని కొట్టాడు. పనయ్యాక వెంటనే పోలేదు, కండువా మడతపెడుతూ నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ ఎత్తని మాట ఎత్తబోతున్నాడని నాకు తెలిసిపోయింది. "అంటే పిల్లా, ఆ దినం నేను..." అని ఆగాడు.

"చెప్పకపోవుడు రైటే బావా" అన్నాను. పచ్చ బటన్ సంగతి ఎత్తలేదు.

ఆయన మొహం తేటపడింది. అవ్ అని తలూపి, తన ఆటో దగ్గరికి పోయాడు. ఆ రోజు షట్టరు దించే ముందు సొరుగులోంచి పాత ఫైలు తీశాను. ఆకులన్నీ పొగాకు రంగుకు తిరిగాయి, పేర్లు మాత్రం నా గుండ్రటి రాతలో అలాగే ఉన్నాయి. ఏగిస ఆకు మీద తడిసిన మరక కూడా ఉంది. కంప్యూటరు అడుగుతుందేమోనని వీటిని సంచిలో పెట్టుకొచ్చిన ఆ పిల్లను తలుచుకుంటే నాకు నవ్వొచ్చింది. ఎవరైనా ఒక్కసారి అడిగుంటే, ఆ పిల్ల ఎంత బాగా చెప్పేదో.