తప్పు నాదన్న సార్జెంట్

ఎనభై ఎనిమిది సెప్టెంబరులో మా బెటాలియన్‌ని సరిహద్దు కొండల నుంచి రంగూన్‌కి దించారు. ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. సైనిక పాలన వద్దని ఊరంతా రోడ్ల మీదికొచ్చింది, దాన్ని అణచడానికి మమ్మల్ని తెచ్చారు. పొద్దున ఆరింటికి ట్రక్కులు సంచౌంగ్‌లో ఒక స్కూలు ముందు ఆగాయి. ఒకటే వాన. పిల్లల బెంచీలు బయట తడుస్తున్నాయి. మనిషికో రైఫిలు, ఓ రెయిన్‌కోటు, బియ్యం, ఎండుచేప. నా వీపు మీద అదనంగా వైర్‌లెస్ సెట్. ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడకూడదు, ఉత్తరం రాయకూడదు, వార్తలు వినకూడదు అని ఆర్డరు. పజుండౌంగ్‌లో తెలుగువాళ్ళ వీధిలో ఉన్న మా ఇంటికి నడిచి వెళ్ళిపోవచ్చు. పుట్టిన ఊరికి వచ్చి, అమ్మ మొహం చూడకుండా గోడ లోపల కూర్చున్నాను.

మా సెక్షన్ అంటే బెటాలియన్ ఫుట్‌బాల్ టీమే. నేను గోల్‌కీపర్ని. ఒక్క మాటకి పదకొండు మందీ కదులుతారని కల్నల్ మమ్మల్ని విడగొట్టలేదు. ఆ మాట చెప్పేది ఒక బర్మా సార్జెంట్. సెక్షన్ కమాండర్ ఆయనే, టీమ్ మేనేజర్ కూడా ఆయనే. సయా అని పిలిచేవాళ్ళం, అంటే గురువుగారని.

ఇప్పుడు టీ కొట్లో టీవీ ముందు కూర్చుని "మేనేజర్ని పీకెయ్యాలి" అని అరిచే పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బోర్డు మీద గీతలు గీసేవాడే మేనేజర్ అని వాళ్ళ ఉద్దేశం. సయా ఒక్క గీత కూడా గీయలేదు. మా మీద గోల్ పడగానే గీత బయట నిలబడి చెయ్యెత్తి, "తప్పు నాది, ఆడండి" అని కేకేసేవాడు. నా కాళ్ళ సందులోంచి బంతి పోయినా అదే కేక. మొదట్లో నవ్వుకున్నాం. మెల్లగా తెలిసొచ్చింది, తిట్లు పడవని తెలిసినవాడు బంతి నాకివ్వమని అడుగుతాడు. మా వాళ్ళు బంతి కోసం గొంతు చించుకునేవాళ్ళు. వంటవాళ్ళం, డ్రైవర్లం, పెద్ద పెద్ద టీములని చిత్తు చేశాం.

ఇంకొకటి. కాగితాల్లో నాది బర్మా పేరు. పై అధికారులకి నేను "కలా"ని, అది ఇండియా నుంచి వచ్చిన మనలాంటి వాళ్ళని వెక్కిరించే మాట. సయా మాత్రం ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగి తెలుసుకుని, నోరు తిరక్కపోయినా "సింహాద్రీ" అని పిలిచేవాడు.

ఒక మధ్యాహ్నం మమ్మల్ని పబేడాన్‌లో నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఇసుక బస్తాల వెనక నిలబెట్టారు. దుకాణాలన్నీ మూసేశారు. రెండింటికి జనం వచ్చారు. విద్యార్థులు, రేవు కూలీలు, ఆడవాళ్ళు. మా లెఫ్ట్ బ్యాక్ కూడా తెలుగువాడే, మా వీధివాడే. నన్ను మోచేత్తో పొడిచాడు.

"బావా, ఆ ముందొస్తన్న ముసల్ది మన నర్సమ్మత్త కాదేటి?"

నర్సమ్మత్తే, మా పక్కింటావిడ. ఆవిడా నన్ను చూసింది. నడిరోడ్డు మీంచి అరిచింది. "ఒరే సిమ్మాద్రీ! మీయమ్మ నీకోసం ఏడ్సి సస్తంది, నువ్విక్కడ తుపాకట్టుకోని నిల్సున్నావేట్రా?"

అప్పుడే సెట్‌లో ఆర్డరు వచ్చింది. కాల్చమని. సయాకి చెప్పాను. ఆయన జనం వైపు చూశాడు.

"ఆ ముసలావిడ ఏమంటోంది?"

"మా అమ్మ ఏడుస్తోందట, సయా."

"రైఫిళ్ళు దించండి" అన్నాడు.

అన్నీ ఒక్కసారే దిగాయి. సయా బస్తా ఎక్కి, సందుల్లోకి పొమ్మని జనానికి సైగ చేశాడు. సెట్ గరగరలాడింది. "కాల్పులు వినపడవేం? ఎవరు ఆపారు?" సయా నా చేతిలోంచి హ్యాండ్‌సెట్ తీసుకున్నాడు. "తప్పు నాది" అన్నాడు, మైదానంలో చెప్పినట్టే.

కాసేపటికి పక్క రోడ్డు నుంచి ఇంకో దండు వచ్చింది. వాళ్ళు కాల్చారు. నర్సమ్మత్త అప్పటికే సందులో దూరింది కాబట్టి బతికింది. అందరూ దూరలేదు.

సాయంత్రం స్కూల్లో మేజర్ మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. "ఇతను దించమన్నాడా, మీ అంతట మీరే దించారా?" లెఫ్ట్ బ్యాక్ "మేం కూడా..." అంటూ నోరు తెరిచాడు. "నోర్ముయ్" అన్నాడు సయా. మూసుకున్నాడు. అందరం మూసుకున్నాం. తప్పు తన మీదికి వదిలేయడం మాకు అంత బాగా నేర్పాడు మరి. అందుకే నాకు ఆ మేజర్ మీదే కాదు, సయా మీద కూడా కోపం. ఇప్పటికీ తగ్గలేదు. ఆయన్ని వెంటనే తీసుకుపోయారు.

ఊరు చల్లబడిందని లోకానికి చూపించాలి కదా, మ్యాచ్ పెట్టారు. కొత్త మేనేజర్ ఒక కెప్టెన్. ప్రాక్టీసులో గోల్ పడితే ఆట ఆపేసి "ఎవడిది తప్పు?" అనేవాడు. పేరు తేలేదాకా బంతి కదలదు. తేలినవాడికి ఆ పూట తిండి లేదు. ఇక బంతి అడిగే మొనగాడెవడు? అప్పట్లో మనవాళ్ళు వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టుకోవచ్చు. అందరూ నాకే ఇచ్చేవాళ్ళు. నేను ముందుకి తంతే మళ్ళీ నాకే వచ్చేది, చేతిలో నిప్పు పెట్టినట్టు వదిలించుకునేవాళ్ళు.

మ్యాచ్‌కి ఆఫీసుల వాళ్ళని లారీల్లో తోలుకొచ్చారు. గొడుగుల కింద నోరు మెదపకుండా కూర్చున్నారు. నాలుగు గోల్స్ తిన్నాం. ఆట అయ్యాక కెప్టెన్ వరసలో నిలబెట్టి అడిగాడు, ఎవడిదని. ప్రతివాడి వేలూ పక్కవాడి మీదికి లేచింది. లెఫ్ట్ బ్యాక్ నన్ను చూపించాడు. నేను ఇంకొకణ్ణి చూపించాను. కొన్ని వారాల్లో పదకొండు మందిని ఇలా తయారుచెయ్యొచ్చని నాకు తెలియదు.

మరుసటి ఏడు నన్ను సైన్యం నుంచి వదిలేశారు. పజుండౌంగ్ వెళ్ళాను. అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది.

"నువ్వు కాల్సినావేట్రా?"

"నేదమ్మా."

"మరి కాల్సినోళ్ళెవుల్రా?"

నేను చెప్పులు విప్పాను. అమ్మ పక్కకి తప్పుకుంది. అలికిడికి నర్సమ్మత్త వచ్చింది.

"రోడ్డుమీద మాకు సెయ్యూపినాడే, ఆ పెద్దాయన ఏటైపోనాడ్రా?"

"తెల్దత్తా" అన్నాను.

నిజంగానే తెలియదు. జైలన్నారు. సరిహద్దులో సైన్యానికి మూటలు మోయిస్తున్నారని అన్నారు. ఎవరిని అడిగినా మాట మార్చేవాళ్ళు.

తీసుకుపోయిన సాయంత్రమే కళ్ళముందు ఉండిపోయింది. ఆయన్ని ట్రక్కు వెనక ఎక్కించారు. టోపీ లేదు, బెల్టు లేదు, చేతులు ముందుకి కట్టేశారు. మేం వానలో వరసగా నిలబడి ఉన్నాం. ట్రక్కు కదిలే ముందు ఆయన కట్టిన చేతులే పైకెత్తి, వేలితో మమ్మల్ని ఒక్కొక్కణ్ణీ లెక్కపెట్టుకున్నాడు. పదకొండు మందిమీ ఉన్నాం. హమ్మయ్య అన్నట్టు తలూపాడు.