గుబ్లగూడ అన్నవాడు

బజారు చివర, మెట్ల కింద ఉన్న దుకాణంలో టోపీలు కుట్టే ఆవిడను అందరూ టోపీలక్క అనేవారు. పళ్ళూడిన ముసలాళ్ళకు కూడా ఆవిడ అక్కే. "నన్ను ఊరందరికీ బావను చేసి పెట్టావు కదే" అని బస్సు డ్రైవరైన మొగుడు వేళాకోళం చేసేవాడు. ఆ దుకాణం పేరుకే గది. ఒక కుట్టుమిషను, టోపీ అంచుల్లో పెట్టే అట్టలు, దారపు రీళ్ళు, ఒకే ఒక స్టూలు. ఆ స్టూలు మీద వచ్చినవాళ్ళు కూర్చోవాలో బట్టల మూట కూర్చోవాలో రోజూ తగవే.

వాళ్ళకు లేక లేక పుట్టిన కొడుకు ఒక్కడే. వాడికి నోరు తిరగని వయసులో టీవీలో ఒక కార్టూను వచ్చేది, బొమ్మల కొట్టుకు కాపలా కాసే గుడ్లగూబ కథ. వాడు గుడ్లగూబ అనబోతే "గుబ్లగూడ" అని వచ్చేది. తండ్రి దిద్దబోయాడు. "నువ్వే తప్పు నాన్నా" అన్నాడు పిల్లాడు. అంతటితో ఆ ఇంట్లోంచి గుడ్లగూబ ఎగిరిపోయింది. తల్లీ తండ్రీ కూడా గుబ్లగూడ అనడమే నేర్చుకున్నారు.

తర్వాత వాడికి రక్తంలో జబ్బన్నారు. మందులకు జుట్టంతా రాలిపోయింది. తల్లి టోపీ కుట్టి, కళ్ళకు రెండు గుండీలు వేసి, కింద రంగు దారంతో గుబ్లగూడ అని రాసి పెట్టింది. గుండీల డబ్బాలో జత దొరక్క ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది అయింది. ఆసుపత్రి వార్డులో పిల్లలందరూ తమకూ అలాంటిదే కావాలని పేచీ పెడితే అందరికీ కుట్టింది. సూదికి బెదరకుండా చెయ్యి చాపినవాణ్ణి "వీడు గుబ్లగూడరా" అని మెచ్చుకోవడం అక్కడే మొదలైంది. నయమై ఇళ్ళకు వెళ్ళిన పిల్లలు ఆ మాటను బళ్ళకు మోసుకుపోయారు. చూస్తూండగానే ఆ కార్టూను పిచ్చి ఉన్న ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ తాము గుబ్లగూడలమని చెప్పుకోసాగారు. వాడు మాత్రం ఇంటికి రాలేదు.

ఆ తర్వాత టోపీలక్క మనిషిగా మిగిలిందంటే ఆ మాట చలవే. ఆ టోపీలు కొనడానికి వచ్చిన పిల్లలు దుకాణం ముందు నిలబడి ఒకళ్ళనొకళ్ళు అలా పిలుచుకుంటుంటే మిషను ఆపి వినేది. కొడుకు లేడు, వాడి ముద్దుమాట వీధులు పట్టుకు తిరుగుతోంది. తల్లికి ఇంతకన్నా ఏం కావాలి అంటారు కొందరు. చాలానే కావాలి, ఇచ్చేదెవరు?

ఒకరోజు కార్టూను కంపెనీ తరఫున ఒకతను వచ్చాడు. మర్యాదస్తుడే. మూట తనే కిందకు దించి స్టూలు మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఈ టోపీలు మీరు అమ్మకూడదు. గుడ్లగూబ మా కంపెనీది."

"బొమ్మ మీదే బాబూ, నేను కాదన్నానా? గుండీలు పీకేస్తాను."

"ఆ మాట కూడా మాదేనమ్మా. ఆ పేరుతో కొత్త కార్టూను తీస్తున్నారు. రిజిస్టరు చేయించేశారు."

టోపీలక్కకు ముందు నవ్వొచ్చింది. "అది మా వాడికి నోరు తిరగక వచ్చిన మాట. మీ కంపెనీకి కూడా నోరు తిరగదా ఏంటి?"

అతనూ నవ్వాడు పాపం. నవ్వి, "మీ అబ్బాయే ముందు అన్నాడని రుజువేమైనా ఉందా?" అన్నాడు.

సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు. సొమ్ము పోయినవాడే సాక్ష్యం కూడా మోసుకు రావాలన్న సంగతి మాత్రం ఆ పెద్దలకు తోచినట్టు లేదు.

రుజువుంది. వాడు టీవీ ముందు గెంతుతూ "అమ్మా, గుబ్లగూడ వచ్చేసింది" అని అరిచిన వీడియో. తీసిన ఫోను ఎప్పుడో నీళ్ళలో పడి పాడైపోయింది. చుట్టాలు చూస్తారని అప్పట్లో తండ్రి దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టబట్టి బతికింది. వాడి గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. మొగుడూ పెళ్ళాలు రోజూ అన్నాలు తిన్నాక అది ఒకసారి పెట్టుకుని వినేవాళ్ళు.

"ఆ వీడియో లింకు మా ఆఫీసుకు పంపండి. ఎప్పటిదో తారీఖు కూడా ఉంటుంది, పనికొస్తుంది" అని చెప్పి వెళ్ళాడు కంపెనీ అతను.

"పోనియ్యవే. కొండను ఢీకొని మనమేం గెలుస్తాం?" అన్నాడు మొగుడు.

"ఆ మాట కూడా పోతే వాడు ఇంకోసారి పోయినట్టే కదండీ."

ఆయనే కూర్చుని లింకు పంపించాడు.

కొన్నాళ్ళకు, అన్నాలు తిని వీడియో పెట్టుకుంటే చప్పుడు లేదు. ఫోనులో సౌండు తగ్గిందేమోనని పెంచి చూశారు. పక్కింటి వాళ్ళ ఫోనులోనూ చూశారు. వాడు గెంతుతున్నాడు, నోరు తెరుస్తున్నాడు, మాట రావడం లేదు. మర్నాడు టోపీలక్క కంపెనీ అతనికి ఫోను చేసింది. అతను కనుక్కుని చెప్పాడు. ఆ వీడియోలో వెనక టీవీలోంచి కార్టూను పాట వినిపిస్తోందట. ఆ పాట కూడా కంపెనీదే. పంపిన లింకు ఆఫీసులో తెరిచి చూడగానే పాటను పట్టుకుని, ఇంటర్నెట్ వాళ్ళకు చెప్పి మొత్తం శబ్దం తీయించేశారు.

"వీడియోలో ఏ మాటా వినబడటం లేదు కాబట్టి రుజువుగా పనికిరాదంటున్నారమ్మా" అన్నాడు అతను, గొంతు తగ్గించి.

ఎవరో లాక్కుంటే తిట్టుకోవచ్చు. చేతులారా పంపించుకున్నదానికి ఎవర్ని తిట్టుకుంటుంది? టోపీలక్క ఫోను పట్టుకునే దుకాణంలో కూలబడి ఏడ్చింది.

"మాట మీరే ఉంచుకోండి బాబూ. ఇకనుంచి ఆ టోపీలు కుట్టను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. వాడి గొంతు ఒక్కటీ ఇచ్చెయ్యమని చెప్పండి."

అతను నిజంగానే అడిగాడు. తీసేసింది మళ్ళీ రాదన్నారు.

ఇప్పుడు ఆవిడ ఏ బొమ్మా ఏ మాటా లేని ఎండ టోపీలు కుడుతోంది. అన్నాలు తిన్నాక ఇద్దరూ ఆ వీడియో ఇంకా పెట్టుకుంటూనే ఉన్నారు. వాడు నోరు తెరిచే చోటికి రాగానే "ఇదిగో, ఇప్పుడే అంటాడు" అంటాడు తండ్రి. మొన్న ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. వాడి గొంతు సన్నగా ఉండేదంటుంది ఆవిడ. కాదు, కాస్త బొంగురుగా ఉండేదంటాడు ఆయన. ఎవరి మాట నిజమో ఇద్దరికీ తెలియలేదు.