తెర మీద లేని రాముడు

కరోనా సద్దుమణిగి హోటళ్ళు మళ్ళీ కళకళలాడుతున్న ఏడాది, రాజమండ్రిలో గోదావరి గట్టున కడుతున్న ఒక కొత్త హోటలుకు నేను సాంస్కృతిక అలంకరణ సలహాదారుగా కుదిరాను. అంత పొడుగు హోదా అంతకుముందు నాకెప్పుడూ లేదు. సినిమా బోర్డులు రాస్తూ మొదలుపెట్టాను. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోతే శుభలేఖలు అచ్చువేశాను, పెళ్ళిపందిళ్ళకు సెట్టింగులు వేశాను. చివరికి పాత కళావస్తువులు సేకరించి భద్రపరిచే పనిలో స్థిరపడ్డాను. వృత్తి మారినప్పుడల్లా విజిటింగ్ కార్డు మార్చాను గానీ, చేసిందల్లా ఎవరిదో ఒకరి గోడ నింపడమే.

హోటలు పనికి ఒక పద్ధతుంది. ఏ గోడకు ఏ వస్తువో ముందుగా బొమ్మ గీసి చూపించి యజమానిని ఒప్పించాలి. బిగించాక, పని పూర్తయిందని ఇద్దరం సంతకాలు చేసుకోవడాన్ని హ్యాండోవర్ అంటాం. అప్పటిదాకా ఆ వస్తువు బాధ్యత నాది, తీసేసే హక్కు కూడా నాదే. ఆ తరవాత నేనెవరో అదెవరో. రిసెప్షన్ వెనక ఉన్న పెద్ద గోడకు తోలుబొమ్మ పెడదామన్నాను. దీపాల పొగకు మాగి, అంచులు అరిగిన పాత బొమ్మే కావాలి. పాతదనమే మా సరుకు.

సామర్లకోట దగ్గర పల్లెలో ఉండే అప్పారావు గారిది తరతరాలుగా తోలుబొమ్మలాడించే కుటుంబం. ఆయన దగ్గర నిలువెత్తు రాముడి బొమ్మ ఉంది. భుజం దగ్గర తోలు చినిగిపోయి ఆటకు పనికిరాకుండా అయింది.

"ఇది గోదాట్లో కలపాల్సిందండి," అన్నారాయన.

వాళ్ళ ఇంటి ఆనవాయితీ ప్రకారం ఆటకు పనికిరాని బొమ్మ పోయిన మనిషితో సమానం. దాన్ని గోదావరిలో విడిచి, స్నానాలు చేసి వచ్చాకే కొత్త బొమ్మకు కన్ను దిద్దుతారు. కన్ను దిద్దని బొమ్మ తెరమీదికి రాదు.

నేను ఊరుకోలేదు. నీళ్ళపాలు చేస్తే ఏం మిగులుతుంది, గోడమీద ఉంటే పదికాలాల పాటు పదిమందీ చూస్తారు కదా అని వాదించాను. ప్రారంభోత్సవానికి వాళ్ళ ఆటే పెట్టిస్తానని ఆశ కూడా చూపించాను. ఆడపాత్రలకు గొంతిచ్చేది ఆయన భార్య సత్యవతి గారు. "మరి మా కొత్త రాముడి సంగతేంటండి?" అని ఆవిడ అడిగారు. ఆటలోగా ఏదో ఒకటి చూద్దాం లెండి అన్నాను. మా వైపు మర్యాదస్తులు ఇంటికొచ్చి అడిగిన మనిషిని కాదనలేరు. ఆ సంగతి తెలిసే, ఫోనులో అడగకుండా ఇంటికి వెళ్ళాను.

బొమ్మను అద్దాల ఫ్రేములో బిగించాం. ప్రారంభోత్సవం దగ్గరపడేకొద్దీ అప్పారావు గారు ఫోన్లు చేశారు. కొత్త రాముడు తయారయ్యాడని, కన్ను మాత్రం దిద్దలేదని, పాతాయన్ని ఏటిదాకా పంపిస్తే చాలని ఆయన మాట. అప్పటికింకా హ్యాండోవర్ కాలేదు. తలుచుకుంటే ఆ పూటే దించగలిగేవాణ్ణి. కానీ యజమానికి ఏం చెప్పుకోవాలో తోచక, పనిలో ఉన్నానండి అని ఫోను పెట్టేశాను.

ప్రారంభోత్సవం సాయంత్రం హోటలు పచ్చికలో తెర కట్టారు. పాదుకా పట్టాభిషేకం కథ. భరతుడు వచ్చాడు. రాముడు ఉండాల్సిన చోట ఉత్త వెలుతురు. తెర వెనకనుంచి అప్పారావు గారి గొంతు రాముడి మాటలు చెబుతోంది. భరతుడు ఆ ఖాళీ ముందు మోకరిల్లి ఏడ్చాడు, ఆ ఖాళీకే దండం పెట్టి పాదుకలు నెత్తిన పెట్టుకున్నాడు. వాళ్ళు అలిగి చేసిన పని కాదని నాకు తెలుస్తూనే ఉంది. ఇంట్లో పెద్దాయన పోయాడు, జరగాల్సింది జరగలేదు. ఆయన చోటులోకి ఇంకొకర్ని ఎలా తెస్తారు?

చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. అతిథుల్లో కళల మీద ఉపన్యాసాలిచ్చే ఒక పెద్దాయన మైకు తీసుకుని, రాముణ్ణి చూపించకుండానే చూపించిన ఈ ప్రయోగం అద్భుతమన్నారు. ఆలోచన ఎవరిదని అడిగారు. యజమాని నన్ను చూపించాడు. శాలువా కప్పారు. 'ఇది ప్రయోగం కాదండి, మైల' అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి అందరికీ నమస్కారం పెట్టాను. బొమ్మల్ని బుట్టలో సర్దుకుంటున్న సత్యవతి గారు నన్ను చూసి తల తిప్పుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ శాలువాతోనే లోపలికి వెళ్ళి హ్యాండోవర్ సంతకం పెట్టాను.

వెళ్ళేముందు అప్పారావు గారు నా దగ్గరికి వచ్చారు. "మీకు మంచి పేరొచ్చిందండి," అన్నారు. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైనా బాగుండేది.

మర్నాడు యజమానికి ఉన్నదంతా చెప్పి బొమ్మ తిరిగిమ్మని అడిగాను. "ఇంత కథ ఉందని ముందే చెబితే పక్కన బోర్డు రాయించేవాణ్ణి కదండీ," అన్నాడు. నాలుగు రోజులకు ఆ బోర్డు వెలిసింది. బొమ్మ కదల్లేదు.

ఆటను ఎవరో వీడియో తీసి అందరికీ పంపారు. అప్పటినుంచి కార్యక్రమాలు పెట్టేవాళ్ళు అప్పారావు గారిని రాముడు లేని ఆట కోసమే పిలుస్తున్నారు. రాముడు కనిపిస్తే మామూలు ఆట అయిపోతుందట. కొత్త రాముడు కన్ను లేకుండా బుట్ట అడుగునే ఉన్నాడు. ఇప్పుడు పాత బొమ్మ చేతికొచ్చినా, దాన్ని నదిలో కలిపి కొత్తదాన్ని ఆడిస్తే వాళ్ళకు ఆ పిలుపులు రావు. వాళ్ళ దుఃఖాన్ని వాళ్ళ బతుకుతెరువు చేసి వదిలిపెట్టాను.

ఆ హోటలు తరవాత నేను ఏ పనీ ఒప్పుకోలేదు. వస్తువు ఎంత పాతది, ఎవరు చేశారు, ఎలా నిలబెట్టాలి అన్నవి మా వృత్తిలో మొదటి ప్రశ్నలు. అది ఎక్కడికి పోవాల్సి ఉంది అన్నది వాటికన్నా ముందు అడగాలి. నేను అడక్కుండానే వాళ్ళు చెప్పారు. చెప్పినవాళ్ళను మాటలతో ఒప్పించడమే పనితనమని అన్నేళ్ళూ అనుకున్నాను.