కళ్లలోకి చూస్తేనే బిస్కెట్టు

మా పాపలో ఏదో తేడా ఉందని నాకు తెలిసింది సాంచాలు ఆగిన రోజున. సాంచాలంటే మరమగ్గాలు. సూరత్‌లో, నవాగామ్‌లో, ఒక మగ్గాల కార్ఖానా పైఅంతస్తులో మాది ఒకటే గది. మా ఆయన రాజేశం కింద ఆ మగ్గాల మీదే పని చేసేవాడు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్లం. పెళ్లయి వచ్చిన కొత్తలో నేల అదురుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. తర్వాత ఊరికి వెళ్తే ఆ అదురు లేక నిద్ర పట్టేది కాదు. లాక్‌డౌన్ అనగానే కింద మగ్గాలన్నీ ఆగిపోయాయి. గోడ మీద గడియారం చప్పుడు ఆ గదిలో అప్పుడే మొదటిసారి విన్నాను.

హారికకు అప్పటికి మూడేళ్లు నిండబోతున్నాయి. నేను పొయ్యి దగ్గర నిలబడి, వెనక్కి తిరగకుండానే "హారికా, బువ్వ తిందువు రా" అన్నాను. అది రాలేదు. మళ్లీ పిలిచాను. గోడ వైపు కూర్చుని డబ్బాల మూతలు పేర్చుకుంటోంది. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, నా మొహం చూసి నవ్వింది.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. అంతకుముందు మా గదిలో ఎవరం ఎవరినీ నోటితో పిలిచేవాళ్లం కాదు. పిలిచినా ఆ మోతలో వినపడదు. అరచేత్తో నేల మీద కొట్టేవాళ్లం, అవతలివాళ్లు తిరిగి చూశాక ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిపి, చేతులతో సైగ కలిపి చెప్పేవాళ్లం. మగ్గాల దగ్గర పనివాళ్లందరూ మాట్లాడుకునేది అలాగే. మా ఆయనైతే ఊరికి ఫోన్ చేసినా చేతులు ఆడిస్తూనే మాట్లాడతాడు. హారిక పుట్టినప్పటి నుంచి చూసింది ఆ మాటల్నే. అమ్మ, నాన, పాలు, కుక్క లాంటి కొన్ని మాటలు అనేది, అవీ ముద్దగా. ఆలస్యంగా వస్తాయిలే అనుకున్నాం.

మగ్గాలు ఆగాక అందరం మనుషుల్లా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. అటు తిరిగి, ఇటు తిరిగి, పని చేసుకుంటూ, పడుకుని. ఎవరికీ చేతులతో పని లేకపోయింది. గది బయటికి అడుగు పెడితే అందరి మూతులకూ మాస్కులు. మా పిల్ల మాత్రం రోజురోజుకూ మూలకు జరిగిపోయింది. పిలిస్తే పలకదు, ఆడుకోవడానికి రాదు, కోపం వస్తే తల గోడకేసి కొట్టుకుంటుంది. పక్కగది ఆవిడ తన కొడుకుతో నా ఎదురుగానే "ఆ పాగల్ పిల్లతో ఆడకు" అంది.

వానలు మొదలయ్యాక పిల్లల ఎదుగుదల చూసే ఒక సెంటర్ గురించి తెలిసింది. ఆస్పత్రికి రావద్దు, ముందు వీడియోలో చూస్తామన్నారు. డాక్టర్ మేడమ్ మర్యాదగానే మాట్లాడింది. ఒక స్కేల్ ఉంటుందని, ఒక్కో ప్రశ్నకూ ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేస్తామని, మార్కులు ఎక్కువొస్తే మంచిది కాదని చెప్పింది. ఐ కాంటాక్ట్ ఉందా, పేరు పెట్టి పిలిస్తే చూస్తుందా, తనలో తనే ఉంటుందా, ఒకే పని పదే పదే చేస్తుందా. మధ్యలో అడిగింది. బెన్ అంటే అక్కడ అక్కా అన్నట్టు.

"బెన్, బేబీకి వినిపిస్తుందా?"

"వినిపిస్తుంది మేడమ్."

"నాకు చూపించండి. వెనక నుంచి చప్పుడు చేయండి."

నేను హారిక వెనక్కి వెళ్లి, ఇంట్లో రోజూ చేసినట్టే, అరచేత్తో నేల మీద గట్టిగా కొట్టాను. అది టక్కున తిరిగి చూసింది.

"గుడ్. హియరింగ్ ఓకే" అంది మేడమ్. ఎలాగూ చెవి పరీక్షల విభాగం కోవిడ్ వల్ల మూసి ఉందని, తెరిచాక ఒకసారి చేయించుకోవచ్చని కూడా అంది. కాస్త సడలించాక సెంటర్‌కు రమ్మంటే వెళ్లాం. మాస్కు, దాని మీద షీల్డు, మధ్యలో ప్లాస్టిక్ తెర. మేడమ్ తెర అవతల నుంచి బొమ్మలు చూపించి ఏదో అడిగింది. హారిక ఆ మాస్కును కాసేపు చూసి, ఏడ్చి, బల్ల కింద దూరింది. అది కూడా స్కేల్‌లో ఎక్కింది. "మోడరేట్ ఆటిజం" అన్నారు. అర్లీ ఇంటర్వెన్షన్, అంటే చిన్న వయసులోనే ఇచ్చే థెరపీ, వెంటనే మొదలుపెట్టాలన్నారు. "మీ అదృష్టం బెన్, తొందరగా వచ్చారు" అంది మేడమ్. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

థెరపీ కూడా ఫోన్‌లోనే. ఒక థెరపిస్టు అమ్మాయి వారానికి కొన్నిసార్లు వీడియోలో కనిపించి నాకు చెప్పేది, నేను పాపతో చేయించాలి. మొదటి గోల్ ఐ కాంటాక్ట్. "బిస్కెట్ మీ కళ్ల దగ్గర పెట్టండి. కళ్లలోకి చూస్తేనే ఇవ్వండి." హారిక నా మొహమైతే చూసేది కానీ కళ్లు కాదు, కిందికి, నోటి వైపు చూసేది. ఆ సంగతి థెరపిస్టే పట్టుకుంది. "బెన్, ఆమె లిప్స్ చూస్తోంది, అది కౌంట్ కాదు. మీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోండి." పెట్టుకున్నాను. పిల్ల నా చెయ్యి లాగేసేది, వేళ్లు విడదీసి నా పెదాలు వెతికేది. "ఇగ్నోర్ చేయండి, బిస్కెట్ ఇవ్వకండి" అనేది ఫోన్‌లోంచి. ఆకలేసే వేళకు సెషన్ పెట్టుకుంటే తొందరగా నేర్చుకుంటుందని సలహా. అలాగే పెట్టాం.

రెండో నియమం, సైగలు బంద్. చేతులతో చెప్తే ఇక నోటి మాట రాదన్నారు. ఇది మా ఆయనకు మింగుడు పడలేదు.

"గిదేం ముచ్చటనే లావణ్యా. నా బిడ్డతోని నేను చేతులతోని మాట్లాడొద్దా?"

"డాక్టర్లు చెప్పిన్రు గదయ్యా. జర ఓర్చుకో."

"మరెట్ల మాట్లాడాలె దానితోని? నా నోరు అది ఇంటదా?"

ఇంటదా అన్నాడు, వింటుందా అని. మాట మా మధ్యకే వచ్చి పడింది, మేమిద్దరం దాని మీదుగా దాటి వెళ్లిపోయాం. ఆ తర్వాత ఆయన పాప ముందు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. అది వచ్చి ఆ చేతులు బయటికి లాగబోయేది. ఆయన లేచి బయటికి పోయేవాడు.

హారిక నేర్చుకుంది. చాలా బాగా నేర్చుకుంది. ఎవరు ఎదురుగా వచ్చినా తలెత్తి, రెప్ప వేయకుండా కళ్లలోకి చూసి, చెయ్యి చాచేది. తర్వాత మళ్లీ స్కేల్ వేశారు. మార్కులు తగ్గాయి. ఫోన్‌లో థెరపిస్టు చప్పట్లు కొట్టింది, మేడమ్ నన్ను మెచ్చుకుంది. అప్పటికి హారిక పాలు అనడం మానేసింది. కుక్క పోయింది, నాన పోయింది. అమ్మ అన్నది కొన్నాళ్లు మ్మ అని మిగిలి, అదీ పోయింది. ఆ సంగతి చెప్తే "ఆటిజంలో రిగ్రెషన్ ఉంటుంది బెన్, వచ్చినవి పోతాయి" అన్నారు. మార్కుల్లో మాత్రం మా పిల్ల బాగుపడుతూనే ఉంది.

సెకండ్ వేవ్ పోయాక కింద మగ్గాలు మళ్లీ పూర్తిగా నడిచాయి. ఒక మధ్యాహ్నం మా ఆయన టిఫిన్ డబ్బా మరిచి దిగాడు. పాపను ఒంటరిగా వదలలేక చంకనేసుకుని కార్ఖానాలోకి వెళ్లాను. మామూలుగా పిల్లల్ని లోపలికి రానివ్వరు. లోపల ఆ ఉక్కకూ, గాల్లో లేచే దూదికీ ఒక్కరి మొహానికీ మాస్కు లేదు. మోతకు నాకే తల దిమ్మెక్కింది. మా ఆయన అవతలి వరసలోంచి పాపను చూసి, అలవాటు కొద్దీ నియమం మరిచిపోయి, పెదాలు కదిపి చేతులతో అడిగాడు, అన్నం తిన్నవా అని. హారిక చంకలోంచి జారి దిగి, చేత్తో లేదంది. బిస్కెట్ కావాలంది. అక్కడ మూట మీద కూర్చో, మగ్గం దగ్గరికి రాకు అన్నాడు. వెళ్లి కూర్చుంది. పక్క మగ్గం మీద ఒడియా ఆయన నీ బొమ్మ ఏదని సైగ చేస్తే, పైన పడుకుందని బుగ్గ కింద చెయ్యి పెట్టి చూపించింది. నవ్వింది. ఏడాదికి పైగా ఆ నవ్వు నేను చూడలేదు.

ఒకరి మాట ఒకరికి వినపడని ఆ చోట, అన్నీ అర్థమవుతున్నది నా బిడ్డకే. టిఫిన్ డబ్బా ఇవ్వడం కూడా మరిచిపోయాను. దాన్ని ఎత్తుకుని వీధి చివరిదాకా, మోత లేని చోటికి నడిచి, అరుగు మీద కూర్చోబెట్టాను. వెనక్కి వెళ్లి నిలబడి పేరు పెట్టి పిలిచాను. అరిచాను. టిఫిన్ మూత, గిన్నె గాల్లో పట్టుకుని ఒకదానికొకటి కొట్టాను. దారిన పోయేవాళ్లు తిరిగి చూశారు. అది చీమను చూస్తూ కూర్చుంది. అప్పుడు అరుగు అదిరేలా కాలితో తన్నాను. టక్కున తిరిగి చూసింది.

బెరా అనే పరీక్షకు నంబరు దొరకడానికి మళ్లీ నెలలు పట్టింది. సిరప్ పోసి నిద్రపుచ్చి, నుదుటి మీద, చెవుల వెనక వైర్లు అంటించి, చెవిలో చప్పుడు వదిలి, మెదడుకు అది చేరుతోందో లేదో చూస్తారు. పిల్ల ఏ జవాబూ చెప్పక్కర్లేదు. మార్కులు వేసేవాళ్లు ఉండరు. ఆడియాలజిస్టు గీతలు చూసి, వాటిని మళ్లీ చూసి, నన్నూ మా ఆయన్నూ కూర్చోమంది.

"రెండు చెవులూ సివియర్ లాస్. ఇన్నాళ్లూ ఎవరూ చెవి టెస్ట్ చేయించలేదా?"

"ఆటిజం అన్నరు మేడమ్."

"ఆ స్కేల్ వేసే ముందే చెవి చూడాలి బెన్. వినపడని పిల్ల పేరు పిలిస్తే ఎలా చూస్తుంది?"

మాటలు నేర్చుకోవడానికి మెదడుకు ఒక వయసు ఉంటుందని, అందులో ముఖ్యమైన భాగం అయిపోయిందని చెప్పింది. తల్లి ఏడుస్తుందేమోనని ఆగి ఆగి చెప్పింది. నేను ఏడవలేదు. మా ఆయన ఏడ్చాడు, తన చేతులు చూసుకుంటూ.

సెంటర్ మేడమ్‌కు ఈ రిపోర్టు చూపించాను. "ఆ రోజుల్లో అంతా ఆన్‌లైన్ కదా. మీరే వినిపిస్తుందని అన్నారు, వీడియోలో చూపించారు కూడా" అంది. రెండూ నిజమే. ఆవిడ మీద నాకు కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని నేను ప్రయత్నించడం లేదు కూడా.

చెవులకు వినికిడి మెషిన్లు పెట్టిన రోజు గదికి తీసుకొచ్చాం. మెట్లెక్కుతుండగానే కింది మగ్గాల మోత దాని చెవుల్లో పడింది. అలాంటి కేక నేను ఏ పిల్ల నోటా వినలేదు. మెషిన్లు పీకి విసిరేసింది, చెవుల వెనక రక్తం వచ్చేలా గీక్కుంది. అది మొదటిసారిగా నిండుగా విన్నది ఆ మోత. నెలల పాటు మెషిన్ పెట్టె కనిపిస్తే వణికిపోయేది. చివరికి మగ్గాల లైన్‌కు దూరంగా డిండోలిలో గది చూసుకుని మారాం. స్పీచ్ టీచర్ ఇంట్లో ఒకటే భాష మాట్లాడమంది. బడి హిందీ కాబట్టి హిందీ ఎంచుకున్నాం. నా కడుపున పుట్టినదానితో నేను పరాయి భాషలో మాట్లాడుతున్నాను.

ఇప్పుడు హారిక తనకంటే చిన్నపిల్లలతో కలిసి బడికి వెళ్తోంది. పాత రిపోర్టులో ఆటిజం ఉంది కదా అని రెండు బడులు తీసుకోలేదు. మళ్లీ పరీక్షించి ఆటిజం లేదని తేల్చారు. మాటలు వస్తున్నాయి, ముద్దగా, పొట్టి పొట్టిగా. నాన్నతో చేతులతో మాట్లాడుతుంది. ఆయన్ని ఎవరూ ఆపరు, ఆపనివ్వను.

పిల్లలు పలకడం లేదని, మాటలు రావడం లేదని ఏ స్కేల్ ముందు కూర్చోబెట్టినా, దానికంటే ముందు బెరా చేయించమని పట్టుబట్టండి. ఇంట్లో చూడాలనుకుంటే నేల తట్టకండి, తలుపు కొట్టకండి, నీడ పడనివ్వకండి. వెనక నిలబడి, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. తిరిగితే సంతోషించండి, తిరిగినా పరీక్ష మానకండి. విభాగం మూసి ఉందంటే తెరిచేదాకా ఏ పేరూ పెట్టనివ్వకండి.

మెషిన్‌తో సగమే వినిపిస్తుంది కాబట్టి మిగతా సగం పెదాలు చూసి అందుకోవాలట. స్పీచ్ టీచర్ రోజూ అదే నేర్పిస్తోంది, ఇంట్లో నన్నూ నేర్పమంటుంది. ఈ ఉదయం కూడా హారికను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా పెదాల మీద వేలు పెట్టుకుని, "ఇక్కడ చూడు బిడ్డా, నోరు చూడు" అని హిందీలోనే చెప్పాను. అది తలెత్తి, రెప్ప వేయకుండా నా కళ్లలోకి చూసి, బిస్కెట్ కోసం చెయ్యి చాచింది.