నలభయ్యో సూటు

మా ఆయన నాతో మాట్లాడటం మానేసి నాలుగు రోజులైంది. మానేస్తే మానేశాడు, ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంది. కానీ తప్పు ఎవరిదో నలుగురూ తెలుసుకోవాలి కదా.

రేవులో ఆయన్ని అందరూ టేపాయన అంటారు. కొలతల టేపు మెడలో లేకుండా ఆయన్ని నిద్రలో తప్ప నేనే చూడలేదు. యుద్ధనౌక మీద గాలి సూట్లు కుట్టడం, అతకడం, పరీక్షించడం ఆయన పని. నౌకకు చిల్లు పడిందంటే లోపలి గాలంతా బయటి శూన్యంలోకి పోతుంది. అప్పుడు మనిషిని బతికించేది ఆ సూటే. అందుకని ప్రతి సూటులోనూ గాలి నింపి, సైకిల్ ట్యూబును ముంచినట్టు నీళ్ళ తొట్టిలో ముంచి, ఒక్క బుడగ రాకపోతేనే సంతకం పెడతాడు. ఆ తొట్టికి నీళ్ళు పట్టేది నేను. రేవు పంపులన్నీ నా చేతిలోనే ఉంటాయి.

సూటు లేనివాడు ఓడెక్కకూడదు. ఇరవై ఆరేళ్ళుగా ఈయన జపం ఇదే. ఒకసారి తనిఖీకొచ్చిన పెద్ద అధికారిని కూడా, సూటు మరిచిపోయాడని, గుమ్మం దగ్గరే ముప్పావుగంట నిలబెట్టాడు. ఆ రోజు సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది. ఈయన మాత్రం ఇంటికొచ్చి హాయిగా భోంచేశాడు.

ఇంత మొండివాడికి మేనకోడలు ఇంకెలా తయారవుతుంది? మా అన్నా వదినా పోయాక ఐదేళ్ళప్పుడు మా రెండు గదుల ఇంటికొచ్చింది. మేం పిడుగు అని పిలుస్తాం. ఇప్పుడు దానికి ఇరవై ఏడు. ఈ వసంతంలో ఈయన పనిచేసే నౌకకే కెప్టెనయింది. వేళకు తిండి తినదు, ఎవరి మాటా వినదు. అది కెప్టెన్ అన్న మాటేగానీ, ఇంట్లో తన కంచం తాను తియ్యడం ఈనాటికీ చేతకాదు.

అవతలి గ్రహం వాళ్ళ నౌకలు బయల్దేరాయని కబురొచ్చింది. గురువారం మధ్యాహ్నానికి మా నౌక ఎదురెళ్ళాలి. అది కదలాలంటే, తనతో కలిపి లోపలి నలభై మందికీ సూట్లున్నాయని ఈయన సంతకం పెట్టాలి. ఉన్నవేమో ముప్పై తొమ్మిది. కెప్టెన్ దిగిపోయేటప్పుడు తన సూటు తనతో తీసుకుపోతాడు, అది నౌకల్లో పద్ధతి. కొత్త కెప్టెన్‌కు ప్రధాన కార్యాలయం పంపాలి. మూడు నెలలుగా ఈయన ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు, వాళ్ళు పంపించామంటూనే ఉన్నారు. సోమవారం పెట్టె రానే వచ్చింది. విప్పి చూస్తే రెండొందల చేతితొడుగులు. అన్నీ ఎడమ చేతివే.

ఎక్కడో అక్కడ గుడ్డ సంపాదించి తానే కుడతానని, కొలతలిచ్చి పొమ్మని పిడుక్కి నాలుగుసార్లు కబురు పెట్టాడు. నాలుగుసార్లూ తీరిక లేదని జవాబు. చివరికి టేపు పట్టుకుని ఈయనే పైకి, నౌకలో దాని గదికెళ్ళాడు. నలభై అని రాసేసి సంతకం పెట్టమంది, తన గదికి చిల్లు పడే పరిస్థితే వస్తే ఇక సూటు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటేనంది. లేని సూటు రాయనని ఈయన దిగొచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఇద్దరికిద్దరూ సరిపోయారు, మధ్యలో నా ప్రాణం తోడేస్తున్నారు.

బుధవారం పొద్దున నన్ను వంటింటి గుమ్మంలో చేతులు చాపి నిలబడమన్నాడు. నాదీ పిడుగుదీ ఒకే ఒడ్డూ పొడుగూ. కొలిచి రాసుకుంటుంటే, గుడ్డ ఎక్కడ దొరికిందని అడిగాను. ఎక్కడో దొరికిందిలే అన్నాడు. నా మొహం చూడకుండా టేపు వైపు చూస్తూ అన్నాడు.

మధ్యాహ్నం తొట్టి నింపడానికి నౌక కిందనే రేవులో ఉన్న ఆయన పనిగదికి వెళ్ళాను. కొత్త సూటు నీళ్ళలో ఉబ్బి ఉంది. ఎడమ మోచేతి దగ్గర ఒక అతుకు వంకరగా ఉంది. దాన్ని అంటించింది నేనే. వంకరగా అంటించావని ఆరేళ్ళు నన్ను సతాయించాడు. అది ఈయన సూటు. తనది విప్పి, కత్తిరించి, పిడుగు కొలతకు కుట్టేశాడు. ఈయన బీరువాలో దాని బదులు కొత్తవాళ్ళకు తొడుక్కోవడం నేర్పే సూటొకటి వేలాడుతోంది, వాననైనా ఆపనిది. సూట్ల రిజిస్టరులో ఈయన పేరు పక్కన 'సూటు సరిగా ఉంది' అని ఈయన రాతే ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేమిటని నిలదీశాను.

"దాన్ని సూటు లేకుండా పంపమంటావా?" అన్నాడు.

"మరి మీరు?"

సూది దారం తీసుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

నేను నేరుగా పైకెళ్ళాను. గుమ్మం దగ్గర ఆపినవాడితో పైపు పగిలిందని చెప్పి లోపలికి దూరాను. పిడుక్కి అంతా చెప్పేశాను. దాచుకోవడం దేనికి, దాని మేలు కోరి చెప్పలేదు. మీ మామయ్యను దింపెయ్యమనే చెప్పాను. అది నిలబడే విన్నది, సరే అత్తా అన్నది.

గురువారం పొద్దున తానే పనిగదికి దిగొచ్చింది. సూటు తొడుక్కుని, వంగి, చేతులెత్తి చూసుకుంది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. తర్వాత రిజిస్టరు తీసి, ఈయన పేరు పక్కనున్నది కొట్టేసి 'లేదు' అని రాసింది.

"సూటు లేనివాడు ఓడెక్కకూడదు మామయ్యా. ఇప్పుడు ముప్పై తొమ్మిది మందిమి, ముప్పై తొమ్మిది సూట్లు. సంతకం పెట్టు."

దారిలో చిరిగితే కుట్టేదెవరని ఈయన గొంతు పెంచాడు. నువ్వు నేర్పినవాళ్ళు ఇద్దరున్నారంది. సంతకం పెట్టనన్నాడు. అది కలం ఆయన చేతికిచ్చి, సంతకం చోట వేలు పెట్టి చూపించింది. చివరికి పెట్టాడు. తర్వాత నా వైపు ఒక్క చూపు చూసి బయటికెళ్ళిపోయాడు. పిడుక్కి చెప్పింది నేనేనని ఆయనకు తెలిసిపోయిందని నాకర్థమైంది.

గదిలో నేనూ అదీ మిగిలాం. అది తొడుగుల్లో వేళ్ళు సర్దుకుంటూ అడిగింది.

"నన్ను కూడా దింపాలని ఉందా అత్తా?"

"ఉంది. నీ పైన ఎవరున్నారో చెప్పు, ఇప్పుడే వెళ్ళి చెప్తాను."

"ఈ ఓడలో నా పైన ఎవరూ లేరత్తా."

అని, మెడ వెనక గొళ్ళెం తనకు అందదని వెనక్కి తిరిగి తల వంచింది. నేనే పెట్టాను. గట్టిగా పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూశాను.