చేతి మీద సొట్ట

చోడవరంలో ఎక్కిన షేర్ ఆటోలో నా ఎదుట ఒక గర్భిణి, పక్కన ఆమె అత్తగారు. ఆ పిల్ల ముఖం కళ్లు పూడిపోయేంతగా ఉబ్బింది. అత్తగారికి అదే గొప్ప.

"మా కోడలు ఒళ్లు సేసింది బాబూ. డాక్టరేమో కిడ్నీ పరీక్షలు రాసేడు. కడుపుతో ఉన్న గుంటకి కిడ్నీ రోగమేటి? సీటీ సింపీసేను," అంటూ నాకు మాడుగుల హల్వా పెట్టింది.

తెలివితక్కువతనాన్ని ఇంత గర్వంగా చెప్పుకొనేవాళ్లంటే నాకు అసహ్యం.

ఆ పిల్ల తన ముంజేతిని బొటనవేలితో నొక్కి వదిలి, నావైపు చూసింది. సొట్ట అలాగే ఉండిపోయింది.

పద్దెనిమిదేళ్లుగా ఆసుపత్రి ల్యాబులో మూత్రపరీక్షలు చేస్తున్నాను. అది ఒళ్లు కాదు, తల్లీబిడ్డల ప్రాణం మీదికి తేగల వాపని నాకు తెలుసు. ఈవిడతో వాదనెందుకని దిగిపోయాను.

ఆవిడ తెలియక చీటీ చింపింది. నేను తెలిసి హల్వా తిన్నాను.