బోణీ కాని వైఫై

మరిపెడలో తమ ఇంట సిగ్నల్ నిండుగా ఉంటుందని మా బావమరిది ముందే హామీ ఇచ్చాడు. ఆధారంగా మేడ మీది నుంచి టవర్ ఫొటో తీసి జనగామలో ఉన్న నాకు పంపాడు. టవర్ ఉందని ఆ ఫొటో రుజువు చేసింది. అంతకు మించి ఏదీ రుజువు చేయలేదు.

వాళ్ల దగ్గరి చుట్టాల పెళ్లికని వెళ్లాను. ముహూర్తం మధ్యాహ్నం. అంతకు ముందు, పదకొండు గంటలకు, నేను లాప్‌టాప్ ముందు కూర్చొని ఒక పరిశోధకురాలికి మౌఖిక పరీక్ష పెట్టవలసి ఉంది. ఆమె ఉండేది భూపాలపల్లిలో. బొగ్గు గనుల చుట్టుపక్కల బావుల నీటి మీద సిద్ధాంత గ్రంథం రాసింది. మరునాడు అధ్యాపక ఉద్యోగానికి ఆమె ధ్రువపత్రాల పరిశీలన. ఈ పరీక్ష పూర్తయి పట్టా అందితేనే ఆ ఉద్యోగం. బయటి నుంచి వచ్చే పరీక్షకుణ్ణి నేనొక్కణ్ణే కనుక, నేను తెర మీద కనిపించకపోతే పరీక్ష వాయిదా పడుతుంది. ఆమె పర్యవేక్షకుడు ముందురోజే ఫోన్ చేసి, "మీరొక్కరు అందుబాటులో ఉంటే చాలు సార్" అన్నాడు.

పొద్దున లేచేసరికి ఊళ్లో ఎవరి ఫోన్‌లోనూ ఇంటర్నెట్ లేదు. మహబూబాబాద్ దారిలో రోడ్డు తవ్వుతూ కేబుల్ తెంపారని ఒకరు, టవరే పాడైందని మరొకరు చెప్పారు. కారణం మీద ఏకాభిప్రాయం లేకపోయినా నివారణోపాయాలకు మాత్రం కొదవ లేదు. పెళ్లికి వచ్చిన చుట్టాల్లో ఒకాయన ఫోన్‌ను స్టీలు గిన్నెలో పెట్టమన్నాడు. ఇంకొకాయన సిమ్ తీసి చొక్కాకు తుడవమన్నాడు. మేడ మీద ఈశాన్య మూల శ్రేష్ఠమని ఒక పెద్దమ్మ చెప్పింది. అన్నిటినీ పరీక్షించాను. ఈశాన్యంలో ఎంత సున్నా ఉందో నైరుతిలోనూ అంతే సున్నా ఉంది.

"సిగ్నల్ దేవులాడుతున్నవా, ఇంటికి వాస్తు చూస్తున్నవా బావా?" అని కింది నుంచి అరిచాడు బావమరిది. "దిగు, బజార్ల సేటు దుకాణానికి వైరు నెట్టుంది. అది మంచిగనే నడుస్తుందట."

అది మిర్చి ఆరబోసే టార్పాలిన్లు, గోనె సంచులు, తాళ్లు టోకున అమ్మే దుకాణం. గల్లాపెట్టె పక్కన సేటు తల్లి కూర్చుని ఉంది.

"సేటూ, మా బావకు జర వైఫై కలుపు. పెద్ద పరీక్షుంది."

సేటు నా నెరిసిన తల వైపు చూశాడు. "గీ వయసులనా?"

"రాసుడు కాదే, పెట్టుడు!"

సేటు నవ్వి ఫోన్ తీశాడు. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "బోణీ గాలేదు బిడ్డా. బోణీ గాకముందు దుకాణంలకెల్లి ఏదీ ఉత్తగ బయటికి పోదు."

"అమ్మా, వైఫై ఏమన్న సరుకా? గాలిల ఉంటది."

"నెలనెలా పైసలు కడ్తున్నవా లేదా?"

"కడ్తున్న."

"పైసలు వెట్టి తెచ్చింది సరుకే."

ఆ వాదంలో లోపం వెతికాను. దొరకలేదు. సేటు నా వైపు తిరిగి మొర పెట్టుకున్నాడు. "పొద్దుగాల్నుంచి ఇద్దరు గిరాకీలు వాపస్ పోయిన్రు సార్. ఫోన్ల పైసలు కొడ్తమంటే వాళ్లకు నెట్టు లేదు. వైఫై ఇద్దమంటే మా అమ్మ ఇయ్యనియ్యది. బోణీ ఎట్లయితది?"

అయితే ఆ బోణీ ఏదో నేనే చేస్తానన్నాను. జేబులోకి చెయ్యి పోనిచ్చాక నా స్థితి కూడా ఆ ఇద్దరి స్థితేనని అర్థమైంది. నోట్లు మోయడం మానేసి చాలా కాలమైంది. బావమరిది పట్టుపంచెకు జేబే లేదు. తర్వాత ఇస్తామంటే అవ్వ ఒప్పుకోలేదు. "అప్పు బోణీ జేస్తే దినమంత అప్పే." ఇంటికి పోయి డబ్బు తెచ్చే వ్యవధి లేదు. భూపాలపల్లిలో ఆమె ఇప్పటికే తెర ముందు కూర్చొని ఉంటుంది.

లాప్‌టాప్ సంచి గాలించగా నా భార్య అంటించి ఇచ్చిన పెళ్లి కానుక కవరు దొరికింది. కవరు మీద ఆనవాయితీ ప్రకారం రూపాయి బిళ్ల అతికించి ఉంది. గోటితో దాన్ని పెకలించడం మొదలుపెట్టాను.

"అరే బావా! సున్నతోని ముగిసే కట్నం ఎవడన్న సదివిస్తడా? అక్క సంపుతది!"

"సున్నా వల్ల పెళ్లిళ్లు చెడినట్టు ఆధారం లేదు."

"అక్క ముంగట అను గా మాట."

అవ్వ మూరెడు సుతిలి తాడు కొలిచి కోసి నా చేతిలో పెట్టింది. రూపాయిని కళ్లకద్దుకొని గల్లాలో వేసింది. "ఇగ ఇయ్యిరా" అంది కొడుకుతో.

టార్పాలిన్ల దొంతర మీద లాప్‌టాప్ పెట్టి, గోనె సంచుల కట్ట మీద కూర్చుని సమావేశంలో చేరాను. అధ్యక్షుడు, పర్యవేక్షకుడు, ఆమె అప్పటికే ఉన్నారు. ఆమె ముఖంలో ఉదయం నుంచి నీళ్లు కూడా ముట్టని బిగువు కనిపించింది. జాలితో మార్కులు వేసే అలవాటు నాకు లేదు. అడగవలసిన ప్రశ్నే అడిగాను.

"తవ్వకం పెరిగిన తర్వాత బావుల నీరు చెడిందని రాశారు. ఒకటి జరిగిన తర్వాత మరొకటి జరిగితే, మొదటిదే కారణమని ఎలా చెప్పగలరు?"

ఆమె ఏదో పట్టిక పేరు చెప్పబోయి ఆగిపోయింది. కాగితాలు తిరగేసింది. పర్యవేక్షకుడు కళ్లద్దాలు తుడుచుకోసాగాడు. నా వెనుక దుకాణం మాత్రం మంచి ఊపు మీద ఉంది.

"వైఫై కలుపుకొని పైసలు కొట్టన్నా!" అంటున్నాడు సేటు. ఒకాయన టార్పాలిన్లు కట్టించుకుని వెళ్లాడు. వెనకే మరో ఇద్దరు వచ్చారు. అవ్వ బజారంతా వినపడేలా ప్రకటించింది. "గీ సారు బోణీ జేసినంక సూడు, ఎట్ల తోసుకొస్తున్నరో! సెయ్యంటే గిదీ సెయ్యి!"

నేను మైకు ఆపేసరికే మాట భూపాలపల్లి దాకా చేరిపోయింది. "ఎక్కడున్నారండీ మీరు?" అని అధ్యక్షుడు నవ్వాడు. జరిగిందంతా రెండు ముక్కల్లో చెప్పుకోక తప్పలేదు.

అంతవరకు తల వంచుకుని ఉన్న ఆమె చూపెత్తింది. "సార్, ఒకటి అడగొచ్చా? వచ్చినోళ్లకు వైఫై ఎప్పటి నుంచి ఇస్తున్నరు?"

"బోణీ అయిన తర్వాత."

"మరి అమ్మకాలు మీ చెయ్యితోని పెరిగినయా, వైఫైతోని పెరిగినయా అన్నది గీ ఒక్క దుకాణం చూస్తే తేలదు సార్. మీరు బోణీ చేయకుండనే వైఫై ఇచ్చిన దుకాణం ఇంకోటి చూడాలె. నా పనిల అసొంటి బావులున్నయి. నీళ్లు చెడుడు వాన తగ్గుడుతోనా, గనితోనా అని నాకూ అనుమానం వచ్చింది. అందుకే గని లేని ఊర్ల బావులు గూడ తీసుకున్న. వాన రెండు దిక్కులా ఒక్క తీరుగనే తగ్గింది. గని లేని కాడ నీళ్లు తగ్గినయి కానీ చెడలేదు."

"ఆ బావుల లోతు, నేల స్వభావం ఒకే తీరుగా ఉన్నాయా?" అన్నాను. వెంటనే సమాధానం చెప్పింది. ఎక్కడ ఒకేలా లేవో, అక్కడ తన నిర్ధారణ ఎంత బలహీనమో కూడా తానే చెప్పింది. ఆ తర్వాత నాకు అడగడానికి ఏమీ మిగల్లేదు. అది నాకు అరుదుగా జరుగుతుంది.

"ఏమంటుంది గా పిల్ల?" అని అవ్వ ఆరా తీసింది.

"మా బావ సెయ్యి కాదట అవ్వా, మీ వైఫై మహిమట" అన్నాడు బావమరిది.

"గట్లనా? రేపటికెల్లి ఆమెనే వచ్చి బోణీ జెయ్యమను."

మేము ముగ్గురం కాసేపు విడిగా మాట్లాడుకుని తిరిగి వచ్చాం. పట్టాకు అర్హురాలని, తాత్కాలిక ధ్రువపత్రం సాయంత్రానికల్లా మెయిల్‌లో అందుతుందని అధ్యక్షుడు ప్రకటించాడు. ఆమె చేతులు జోడించింది. తెర అవతల నుంచి ఎవరో పెద్దావిడ, "ఏమన్నరే?" అనడం వినిపించింది. అంతే, ఆమె కెమెరా, మైకు ఆపకుండానే లేచి వెళ్లిపోయింది.

"అయిపోయింది అత్తమ్మా! రేపు సర్టిఫికెట్లు తీస్కొని పోతున్న!"

తర్వాత వినిపించింది ఏడుపో నవ్వో తేల్చడానికి తగినంత ఆధారం నా దగ్గర లేదు. పరీక్ష ముగిసిందని అధ్యక్షుడు ప్రకటించి చాలాసేపయింది. అయినా ఆయన లైను తెంచలేదు, పర్యవేక్షకుడు తెంచలేదు, నేనూ తెంచలేదు. ముగ్గురం భూపాలపల్లిలోని ఒక ఖాళీ ప్లాస్టిక్ కుర్చీని చూస్తూ అలాగే కూర్చున్నాం.